మాల తీసిన మర్నాడు సాయంత్రం ఎక్కడ కూర్చోవాలి?

ప్రశ్న: నాకు 43 ఏండ్లు. వరంగల్ ఎనుమాముల మార్కెట్ల ఒక అడ్తి దుకాణంల గుమస్తాను. పన్నెండేండ్ల నుంచి తాగుతున్న. ఈ రెండేండ్లు రోజుకు రెండు క్వార్టర్లు, పొద్దున చేతులు వణికితే ఇంకింత. మూడుసార్లు అయ్యప్ప మాల వేసుకున్న. ఆ 41 రోజులు సుక్క ముట్టలేదు. మాల తీసిన రాత్రే మళ్లా మొదలు. పోయిన నెల దవాఖానల పది రోజులు ఉండి వచ్చిన. మానేసి ఇయ్యాల్టికి 19 రోజులు. ‘ఏఏ మీటింగ్‌కు పోవాలె’ అని డాక్టర్ చీటీ మీద రాసిచ్చిండు. అది ఎక్కడుంటది? అందరి ముంగట లేచి చెప్పాల్నా? మార్కెట్ల తెలిసినోళ్లు చూస్తే ఎట్ల? అది చర్చివాళ్లదని ఒకాయన అన్నడు, నిజమేనా? మాల మీద అంత నిష్ఠగ ఉన్నోణ్ని, నా అంతట నేను మానలేనా? ఈ ఏడు గూడ మాల వేసుకోవాలనుంది.
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నా అంతట నేను మానలేనా అన్న సందేహంతోనే మొదలుపెడదాం. మిగతావన్నీ దాని వెనకే ఉన్నాయి.

మూడుసార్లు 41 రోజులు మానిన మనిషికి పట్టుదల లేదని ఎవరూ అనలేరు. కానీ ఆ రోజుల్లో మిమ్మల్ని నిలబెట్టింది మీ పట్టుదల ఒక్కటేనా? తెల్లవారకముందే చన్నీళ్ల స్నానం, పూజ, మధ్యాహ్నం భిక్ష, సాయంత్రం భజన. దుకాణం కట్టేసే వేళకు మీరు ఎక్కడ కూర్చోవాలో ముందే ఖాయమై ఉండేది. రోజూ వైన్స్‌కు పిలిచే దోస్తు కూడా ‘స్వామీ’ అని దండం పెట్టి పక్కకు తప్పుకునేవాడు. కన్నెస్వామిగా ఉన్న ఏడాది ఏం తినాలో, ఎక్కడ పడుకోవాలో, కోపం వస్తే ఏం చేయాలో అడగడానికి గురుస్వామి ఉన్నాడు. అంటే ఆ 41 రోజులూ మీరు ఒంటరిగా మానలేదు, నలుగురిలో ఉండి మానారు. మాల తీయగానే ఆ నలుగురూ ఎవరింటికి వాళ్లు వెళ్లిపోయారు. మర్నాడు సాయంత్రం ఏడింటికి ఎటు పోవాలో మీకు తోచలేదు. కాళ్లకు మాత్రం పాత తోవ తెలుసు.

ఏఏ, అంటే ఆల్కహాలిక్స్ అనానిమస్, మీకు పూర్తిగా కొత్త సంగతేమీ కాదు. అక్కడా కన్నెస్వాములు ఉంటారు, పదేళ్లుగా వస్తున్న పెద్దలు ఉంటారు. గురుస్వామి లాంటి మనిషిని స్పాన్సర్ అంటారు. తేడాలు రెండు. దీక్షకు ముగిసే తేదీ ఉంటుంది. ఆ తేదీ మీకూ తెలుసు, సీసా పట్టుకుని ఎదురుచూసే దోస్తులకూ తెలుసు. ఏఏలో తేదీ ఉండదు, లెక్క ఇవాళ ఒక్కరోజుకే: ఈ 24 గంటలు తాగను, రేపటి సంగతి రేపు. ఇక రెండోది, దీక్షలో మందు ఊసే ఎత్తరు. ఇక్కడ ఆ ఊసే ఎత్తుతారు. నిన్న సాయంత్రం ఎందుకు మనసు లాగింది, ఎలా తప్పించుకున్నాను అన్నదే అక్కడి మాట. మాలలో మీకు దొరకనిది ఇదే.

ఈ పద్ధతి పుట్టిందే అలా. 1935 మే నెలలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి పని మీద ఆక్రన్ అనే ఊరికి వెళ్లాడు. మందు మానేసి అప్పటికి ఐదు నెలలు. వచ్చిన పని చెడింది. హోటల్లో ఒక పక్క బార్, ఇంకో పక్క ఫోన్. మరో తాగుబోతుతో మాట్లాడకపోతే ఈ పూట తాగేస్తానని ఆయనకు అర్థమైంది. ఫోన్ల మీద ఫోన్లు చేస్తే చివరికి డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్‌ను కలిసే వీలు దొరికింది. పావుగంట కంటే కూర్చోనని వచ్చిన ఆ డాక్టర్ గంటల తరబడి కూర్చున్నాడు. ఆయన చివరిసారి తాగిన 1935 జూన్ 10నే ఏఏ పుట్టినరోజుగా లెక్కిస్తారు. బిల్ ఆ రోజు ఎదుటివాడిని బాగుచేయడానికి వెళ్లలేదు, తాను నిలబడడానికి వెళ్లాడు. అందుకే మీటింగ్‌లో ఎవరూ మీకు నీతులు చెప్పరు. మీరు వెళ్లి కూర్చోవడం పదేళ్లుగా మానినవాడికీ అవసరమే.

దీనికి పరిశోధనల బలం కూడా ఉంది. 2020లో కోక్రేన్ అనే వైద్య పరిశోధన సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను, పదివేల మందికి పైగా మనుషుల వివరాలను కలిపి చూసింది. పూర్తిగా మానేసి నిలబడే విషయంలో ఏఏ వైపు పద్ధతిగా నడిపించే చికిత్స ఇతర మానసిక చికిత్సలకు తీసిపోలేదని, చాలాచోట్ల మెరుగని తేల్చింది. అందరికీ పని చేస్తుందని మేం అనం. కానీ డబ్బు పెట్టకుండా, ఏళ్ల తరబడి పక్కన ఉండే సాయం ఇంకోటి దొరకడం కష్టం.

ఇక ఎక్కడ ఉంటుందన్న సంగతి. ఏఏ ఇండియా వెబ్‌సైట్‌లో ఊరి పేరుతో గ్రూపులు వెతకవచ్చు. వరంగల్, హనుమకొండ, కాజీపేట మూడు పేర్లతోనూ వెతకండి. దొరికిన నంబర్‌కు ఫోన్ చేయకుండా నేరుగా వెళ్లొద్దు. గదులు మారుతుంటాయి, వేళలు మారుతుంటాయి. తాళం వేసిన గది ముందు నిలబడితే ఆ కోపంతోనే వైన్స్ దారి పట్టినవాళ్లు ఉన్నారు. నెట్‌లో దొరక్కపోతే మీకు చీటీ రాసిన డాక్టర్‌నే ఏ గ్రూపుకు పొమ్మంటారని అడగండి. లేదా వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి మానసిక విభాగం ఓపీలో అడగండి. మత్తు మానేవారి కోసం కేంద్ర ప్రభుత్వ ఉచిత నంబర్ 14446 ఉంది. మనసు బాగా లేక మాట్లాడాలంటే టెలీమానస్ 14416కు రాత్రైనా పగలైనా తెలుగులో మాట్లాడవచ్చు.

ఫోన్‌లో పెద్ద కథ అక్కర్లేదు. ‘నేను మందు మానేసి 19 రోజులైంది. మీటింగ్‌కు రావాలనుకుంటున్న, మొదటిసారి’ అంటే చాలు. నాలుగు సంగతులు మాత్రం అడగండి: ఏ రోజు ఏ వేళకు, గది గుర్తు ఏమిటి, తెలుగులో నడుస్తుందా, అది ఓపెన్ మీటింగా క్లోజ్డ్ మీటింగా. ఓపెన్ అంటే ఇంటివాళ్లు కూడా వచ్చి కూర్చోవచ్చు. క్లోజ్డ్ అంటే తాగుడు సమస్య ఉన్నవాళ్లే. ఆ రోజు బయట నిలబడి నన్ను లోపలికి తీసుకుపోతారా అని కూడా అడగండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, దాదాపు ప్రతి గ్రూపులో ఆ పని సంతోషంగా చేసేవాళ్లు ఉంటారు.

ఇంటి దగ్గర వారానికి ఒకటో రెండో మీటింగులే దొరకవచ్చు. కొత్తవాళ్లను 90 రోజుల్లో 90 మీటింగులు చూడమంటారు. మార్కెట్ పని ఉన్న మనిషికి గదిలో అన్ని కుదరవు. కుదిరిన రోజు గదికి వెళ్లండి, మిగతా రోజుల్లో ఫోన్‌లో జరిగే ఆన్‌లైన్ మీటింగ్‌కు. అందులో కెమెరా ఆపేసుకోవచ్చు. ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, తెర మీద ఇంటిపేరు కనిపించకుండా పేరు మార్చుకోండి. కాజీపేటలో రైలెక్కితే సికింద్రాబాద్ రెండు, రెండున్నర గంటలు. నెలకోసారి అక్కడి మీటింగ్ చూసి రావడం కూడా మేలే. అయితే ఆన్‌లైన్ ఒక్కదానితో సరిపెట్టుకోకండి. తెర అవతలివాళ్లు మీ మొహంలో తేడా పసిగట్టలేరు.

గదిలో ఏం జరుగుతుందంటే, సాధారణంగా ఓ బడి గదో, కమ్యూనిటీ హాలో, చర్చి పక్క గదో ఉంటుంది. గోడకు పన్నెండు మెట్లు, అంటే తాగుడు నుంచి బయటపడడానికి ఏఏ చెప్పే పన్నెండు దశలు, రాసిన బ్యానర్ కడతారు. ప్లాస్టిక్ కుర్చీలు, ఒక బల్ల, బల్ల మీద పుస్తకాలు. వేళకు మొదలై గంట, గంటన్నరలో అయిపోతుంది. ఆ రోజు నడిపించే మనిషి ముందుమాట చదువుతాడు. తర్వాత ఒక్కొక్కరు తమ పేరు చెప్పి, ‘నేను ఆల్కహాలిక్‌ని’ అని తమ సంగతి చెప్తారు. ఒకరు చెప్తుంటే మధ్యలో ఎవరూ అందుకోరు, తప్పొప్పులు ఎంచరు, సలహా ఇవ్వరు. మన దగ్గర నలుగురు కూర్చుంటే ఇది దొరకదు కాబట్టి మొదటి రోజు వింతగా అనిపిస్తుంది. ఒక డబ్బా తిరుగుతుంది. గది అద్దెకు, చాయ్‌కి సభ్యులు తోచినంత వేస్తారు, కొత్తవాళ్లు వేయనక్కర్లేదు. ఫీజు లేదు, ఆధార్ అడగరు, రిజిస్టర్‌లో సంతకం లేదు. మార్చలేనివాటిని ఒప్పుకునే శాంతినీ, మార్చగలిగినవాటిని మార్చే ధైర్యాన్నీ, ఆ రెంటికీ తేడా తెలిసే వివేకాన్నీ కోరే చిన్న ప్రార్థనతో ముగుస్తుంది.

మీరు లేచి చెప్పాలా అంటే, అక్కర్లేదు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఇవాళ వింటాను’ అనండి, పక్కవారికి వెళ్లిపోతుంది. నెల రోజులు విన్నా ఎవరూ ఏమీ అనుకోరు. కానీ మౌనంగా ఏళ్లు గడపొద్దు. మూడో నాలుగో మీటింగ్‌లో రెండు నిమిషాలు మాట్లాడండి. తాగుడు ఘనకార్యాల కన్నా ఈ వారం ఎక్కడ తడబడ్డారో చెప్తే మీకే ఉపయోగం.

మీటింగ్ అయ్యాక తాగే చాయ్ దగ్గర ఉండండి, ఈ మాట గట్టిగా చెప్తున్నాం. కొత్తవాళ్లు ఎక్కువ మంది పొరపాటు చేసేది ఇక్కడే: వేళ దాటి వచ్చి వెనక కుర్చీలో కూర్చుని, ప్రార్థన కాగానే చెప్పులు వేసుకుని వెళ్లిపోతారు. ఫోన్ నంబర్లు చేతులు మారేది ఆ చాయ్ దగ్గరే. కనీసం మూడు నంబర్లు తీసుకోండి. తీసుకున్న రాత్రే ఒకరికి చేసి, ‘ఇంటికి చేరిన’ అని ఒక్క మాట చెప్పండి. మంచి రోజు ఫోన్ చేయడం అలవాటు కాకపోతే చెడ్డ రోజు వేలు ఆ నంబర్ మీద పడదు.

మార్కెట్లో తెలిసినవాళ్లు ఆ గదిలో కనిపిస్తే? కనిపించవచ్చు. వాళ్లు కూడా అక్కడికి వచ్చింది మిమ్మల్ని చూడడానికి కాదు కదా, తమ కోసం. అక్కడ విన్నది, చూసిన మొహం బయటికి రాకూడదన్నది ఏఏ మూలనియమం, పేరులోని అనానిమస్‌కు అర్థం అదే. దాన్ని మనుషులే పాటించాలి కనుక మొదటి నెల దుకాణం యజమాని పేరు, అప్పుల లెక్కలు, ఇంటి గొడవల పేర్లు చెప్పకండి. మనిషిని చూసుకున్నాక స్పాన్సర్‌తో విడిగా చెప్పుకోవచ్చు. ఇంకోటి కూడా ఆలోచించండి: రెండేళ్లుగా పొద్దున వణికే చేతులతో పట్టీలు రాసిన మిమ్మల్ని మార్కెట్ చూడలేదా?

చర్చిదన్న మాట ఎందుకు పుట్టిందంటే, గదులు తక్కువ అద్దెకు అక్కడ దొరుకుతాయి, మెట్లలో దేవుడి మాట వస్తుంది. కానీ ఏఏ ఏ మతానికీ, పార్టీకీ చెందదు. చేరడానికి కావలసింది తాగుడు మానాలన్న కోరిక ఒక్కటే. ఆ దేవుడు ఎవరన్నది ‘మనం అర్థం చేసుకున్న రీతిలో’ అని మెట్లలోనే ఉంది. మీకు అయ్యప్ప, పక్కవాడికి ఏసు, ఇంకొకరికి అల్లా, దేవుణ్ణి నమ్మనివాడికి ఆ గదిలోని మనుషులు. మతం మార్చమనో, డబ్బు కట్టమనో, ఫలానా సెంటర్లో చేరమనో ఎవరైనా అంటే అది ఏఏ మాట కాదు. ఏఏ పేరు చెప్పుకుని ఫీజులు వసూలు చేసే చోట్ల నుంచి లేచి వచ్చేయండి.

ఒక్క మీటింగ్ చూసి తీర్పు చెప్పకండి. కనీసం ఆరు చూడండి, వీలైతే రెండు గ్రూపుల్లో. ఒకచోట పెద్దలు మాటకారులు, ఇంకోచోట కుర్రవాళ్లు. మీకు కుదిరే చోటు మీకే తెలుస్తుంది. స్పాన్సర్‌ను తొందరపడి ఎంచుకోవద్దు. మగవారికి మగవారే ఉండాలి, మానేసి కనీసం ఏడాది దాటినవారు, మెట్లు స్వయంగా పూర్తి చేసినవారు అయితే మంచిది. గ్రూపు మనుషుల దగ్గర చేబదులు అడగొద్దు, ఇవ్వొద్దు. డబ్బు చేరిన చోట మొహం చాటేయడం మొదలవుతుంది. మీటింగ్ కూడా అలాగే పోతుంది.

మందుల సంగతి మాత్రం డాక్టర్‌దే. ‘గోలీలు వాడితే మానినట్టు కాదు’ అని ఏ సభ్యుడైనా అంటే వినొద్దు, డాక్టర్ రాసిన మందుల విషయంలో సభ్యులెవరూ తలదూర్చవద్దని ఏఏ పుస్తకాలే చెప్తాయి. మీకు డైసల్ఫిరమ్ (మందు తాగితే ఒంటికి పడకుండా చేసే గోలీ) రాసి ఉంటే, చివరి గోలీ వేసుకున్న రెండు వారాల వరకు కూడా మందు తాగితే మొహం ఎర్రబారి, గుండె దడదడలాడి, బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆల్కహాల్ ఉన్న దగ్గు సిరప్‌తోనూ అదే ప్రమాదం. ఇంట్లో తెలియకుండా కూరలో కలిపే ‘మందు మాన్పించే పొడుల’ జోలికి మీ ఇంటివాళ్లను పోనివ్వకండి, లోపల ఏముందో తెలియని పొడి మీద మనిషి తాగితే అదే చావుకు దారి.

ఇంకో ప్రమాదం మీరు దాటేశారు కానీ, ఇది చదివే వేరేవాళ్ల కోసం చెప్పాలి. రోజూ ఎక్కువ తాగే మనిషి మాల కోసమో, ఒట్టు కోసమో ఒక్కసారిగా ఆపితే ఆరు గంటల నుంచే వణుకు, చెమటలు మొదలవుతాయి. రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య లేనివి కనిపించడం, మతి తప్పడం జరగవచ్చు. అది అయ్యప్ప ఆగ్రహం కాదు, మెదడు మందుకు అలవాటు పడి తల్లడిల్లడం. వెంటనే ఆసుపత్రికి పోవాలి. మీరు ఎప్పుడైనా జారి వరుసగా కొన్ని రోజులు తాగితే మీకూ ఇదే వర్తిస్తుంది: డాక్టర్ దగ్గరికి ముందు, మీటింగ్‌కు తర్వాత. ఒక్కరోజు జారితే మాత్రం ఆ మర్నాడే మీటింగ్‌కు వెళ్లండి. తాగి వచ్చినా చాలాచోట్ల కూర్చోనిస్తారు, మాట్లాడొద్దంటారు, అంతే.

‘మందు మానేసిన, కల్లే కదా’ అన్న మాట ఉత్తర తెలంగాణలో ఎంతమందిని వెనక్కి లాగిందో. చెట్టు కల్లులోనూ ఆల్కహాల్ ఉంది. ఇక దుకాణం కల్లులో ఆల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి నిద్రమందులు కలిపేచోట అది ఇంకో మత్తుకు బానిస కావడమే. 2015లో నిజామాబాద్ వైపు కల్తీ కల్లు దొరకక జనం ఫిట్స్‌తో, మతి తప్పి ఆసుపత్రులకు చేరింది అందుకే. బీరు కూడా ఇంతే. ఒక పెద్ద స్ట్రాంగ్ బీరులో సగం క్వార్టర్‌కు మించిన ఆల్కహాల్ ఉంటుంది.

మీకు గండం సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది. లాగినప్పుడు అది శాశ్వతంగా ఉండిపోతుందనిపిస్తుంది గానీ, మామూలుగా పావుగంట, అరగంటలో తగ్గుతుంది. దుకాణంలోనే నాలుగు బిస్కెట్లు, అటుకులో తిని బయల్దేరండి. ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట, ఈ నాలుగింట్లో ఏది ఉన్నా మనసు మందు మీదికి పోతుందని ఏఏలో తరచూ చెప్పే పాఠం. ఇంటికి వైన్స్ లేని తోవ వెతుక్కోండి, రెండు కిలోమీటర్లు చుట్టైనా సరే. జేబులో చిల్లర తప్ప ఉంచుకోకండి, జీతం ఇంటావిడ ఖాతాలో పడేట్టు యజమానితో మాట్లాడుకోండి.

దసరా దావత్, దినాలు, మేడారం జాతర, ఈ మూడింటి ముందు రోజు మీ స్పాన్సర్‌కు ఫోన్ చేయండి. దావత్‌లో తిండి పెట్టే వేళకు వెళ్లి, తినగానే లేవండి. గ్లాస్ చేతికిస్తే పెద్ద సంజాయిషీ అక్కర్లేదు: ‘నాకొద్దన్నా, గోలీలు వాడుతున్న.’ రెండోసారి బలవంతం చేస్తే ఇంకో వాదన పెట్టుకోకుండా బండి తాళం తీయండి. మేడారం పిల్లలతో పొద్దున వెళ్లి, బెల్లం సమర్పించి, రాత్రికి గుడారంలో ఉండిపోకుండా తిరిగి రండి.

మీ ఇంటావిడ గురించి మీరు ఏమీ రాయలేదు, కానీ ఆమె కూడా పన్నెండేళ్లుగా ఈ తాగుడులోనే ఉంది. మొదటి ఓపెన్ మీటింగ్‌కు ఆమెను తీసుకెళ్లండి. తాగేవారి ఇంటివాళ్ల కోసం 1951 నుంచి అల్‌అనాన్ అనే వేరే సంఘం ఉంది, దాని ఆన్‌లైన్ మీటింగులూ జరుగుతాయి. యజమానికి ‘ఆయనకు జ్వరం’ అని అబద్ధం చెప్పడం, వైన్స్ బాకీ తీర్చడం ప్రేమే అనుకుని చేసి ఉంటుంది. అవి మానేయడం ఎలాగో ఆమె అక్కడ నేర్చుకుంటుంది.

ఇక మాల. తప్పకుండా వేసుకోండి, డాక్టర్ మందులు మానకుండా. దీక్షలో కూడా వారానికి ఒక మీటింగ్ వదలకండి, నల్ల బట్టలతోనే వెళ్లవచ్చు. దర్శనం అయి తిరుగు రైలెక్కాక కొందరు సంచులు విప్పుతారు, మీకు తెలియనిది కాదు. ఎవరి పక్క బెర్త్ కావాలో ముందే గురుస్వామికి చెప్పుకోండి. మాల తీసే తేదీ ఖాయం కాగానే, ఆ సాయంత్రం మీటింగ్ ఉందో లేదో చూడండి. లేకపోతే మీ స్పాన్సర్‌ను ఆ పూట మీ ఇంటికి భోజనానికి పిలవండి, తొమ్మిదింటి దాకా ఉండమనండి. మర్నాడు పొద్దున లేచి, దీక్షలో లేచిన వేళకే స్నానం చేసి, ఆయనకు ఫోన్ చేయండి.